నా మేజిక్ షోకి అగ్రిమెంటు రాయించుకున్న నాలుగున్నర నెలలు

ముందు వాచీ సంగతి చెప్పాలి. 2022 డిసెంబర్‌లో గుంటూరులో ఒక పెళ్లి రిసెప్షన్‌కి షో చేశాను. పెళ్లికొడుకు మేనమామ చేతి వాచీ అడిగి తీసుకుని, రుమాల్లో చుట్టి, రోట్లో వేసి దంచి, చివర్న బ్రెడ్డు కోస్తే అందులోంచి వాచీ బయటికి వచ్చే ఐటమ్ అది. చప్పట్లు బాగానే పడ్డాయి. భోజనాల దగ్గర ఆయన నా పక్కకి వచ్చి, "అద్దం మీద ఈ గీత ఇంతకుముందు లేదండీ" అన్నారు. ఉంది. తీసుకునేటప్పుడే చూశాను. కానీ నేను చూడటం ఎవరూ చూడలేదు. జనాన్ని అసలు చూడాల్సిన చోట చూడనివ్వకపోవడమే కదా నా వృత్తి! 12,000 రూపాయల పారితోషికంలో 4,500 వాచీ అద్దానికి పోయింది. ఆ రోజు నుంచి మా ఆవిడది ఒకటే మాట: "ఏమండీ, కాగితం మీద రాసుకోకుండా ఇంకెవరి వస్తువూ ముట్టుకోకండి."

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెలవు రోజుల్లో మేజిక్ షోలు చేస్తాను, ఇరవై ఏళ్లుగా. స్కూలు వార్షికోత్సవాలు, పుట్టినరోజులు, వినాయక చవితి పందిళ్లు. అన్నీ నోటి మాట మీదే. అగ్రిమెంటు అనే పదార్థాన్ని ఇల్లు కొన్నప్పుడు తప్ప చూడలేదు.

2024 నవంబర్ 11, సోమవారం. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఫిబ్రవరి 8న వాళ్ల యాన్యువల్ డే. నలభై నిమిషాల షో, 60,000 రూపాయలు. అంత మొత్తం నాకు ఎప్పుడూ రాలేదు. సరే అనేశాను. "అయితే సార్, మీరు మా దగ్గర వెండార్‌గా రిజిస్టర్ అవ్వాలి, తర్వాత అగ్రిమెంట్ పంపిస్తాం" అన్నారు. దానికీ సరే అనేశాను.

వెండార్ అవ్వడానికి ఎనిమిది రోజులు పట్టింది. పాన్ కార్డు, క్యాన్సిల్ చేసిన చెక్కు, నా ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటదు కాబట్టి జీఎస్టీ లేదని ఒక డిక్లరేషన్. ఇవన్నీ మామూలే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారమని ప్రభుత్వం దగ్గర నమోదు, కూడా ఉంటే మంచిదని వాళ్ల అకౌంట్స్ అబ్బాయే చెప్పాడు. మా వీధి చివర నెట్ సెంటర్‌లో 1,500 అడిగారు. అది ఉచితమని, ఆధార్ ఓటీపీతో ఇంట్లోనే అయిపోతుందని మా స్టూడెంట్ ఒకడు చెబితే తెలిసింది. అరగంటలో అయిపోయింది. ఈ కాగితం ఎందుకు పనికొచ్చిందో చివర్లో చెబుతాను.

నవంబర్ 19న అగ్రిమెంట్ మెయిల్లో వచ్చింది. 17 పేజీలు, ఇంగ్లీషు. రాత్రి భోజనం చేశాక చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీకి వచ్చేసరికి నవ్వు ఆగలేదు, ఆరో పేజీకి టెన్షన్ మొదలైంది. సర్వీస్ ప్రొవైడర్, అంటే నేను, తన పని విధానాన్ని పూర్తి పారదర్శకంగా క్లయింట్‌కు ముందుగానే వెల్లడించాలట. ఏ దశలోనూ క్లయింట్‌ను గానీ, వారి అతిథులను గానీ తప్పుదోవ పట్టించకూడదట. క్లయింట్‌కు చెందిన ఏ వస్తువునూ దాచడం, మార్చడం, రూపం మార్చడం నిషిద్ధమట. ఇవన్నీ మానేస్తే స్టేజీ మీద నేను చేయగలిగింది నమస్కారం పెట్టడం ఒక్కటే. తొమ్మిదో పేజీలో అసలు విషయం దొరికింది: మిగిలిపోయిన ఆహార పదార్థాలను తిరిగి వడ్డించరాదని ఒక షరతు. క్యాటరింగ్ వాళ్ల అగ్రిమెంట్‌లో పేరు మార్చి నాకు పంపించారు. బ్రెడ్డు ఐటమ్ గుర్తొచ్చి, ఆ షరతు మాత్రం నాకు కూడా వర్తిస్తుందేమో అని కాసేపు ఆలోచించాను.

మా బాబాయ్ తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజు లేఖరిగా చేసి రిటైర్ అయ్యారు. నవంబర్ 24, ఆదివారం పొద్దున్నే ప్రింటు తీసుకుని, మా ఆవిడతో కలిసి ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన ఇంగ్లీషు కాగితాలు పక్కన పెట్టేసి, "ఇది వాళ్లు రాసుకున్నారు. మనది మనం రాద్దాం. వెనకాల కుట్టమను" అన్నారు. కళ్లజోడు తుడుచుకుని, తెల్లకాగితం మీద ఎడమ పక్క నాలుగు వేళ్ల మార్జిన్ మడిచి మొదలుపెట్టారు. ఆ చేతిరాత చూస్తుంటే నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

"గుంటూరు జిల్లా, తెనాలి పట్టణ కాపురస్తులు... వృత్తి ఏమని రాయను?"

"ఇంద్రజాలికుడు అని రాయండి."

"రాబడి చూసి రాయాల్రా. ఉద్యోగం, ఇంద్రజాలం అని రాస్తాను."

పెట్టె ఐటమ్ దగ్గర పెన్ను ఆగింది. మా ఆవిడని పెట్టెలో పడుకోబెట్టి, నడుము దగ్గర రెండు ముక్కలు చేసి, మళ్లీ కలపడం. మా షోకి అదే చివరి ఐటమ్. బాబాయ్ కొంచెంసేపు ఫ్యాను వైపు చూసి రాశారు: "మొదటి పక్షము వారు తమ ధర్మపత్నిని, ఆమె పూర్తి రజామందీతో, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, షెడ్యూలు పెట్టె యందు పరుండబెట్టి, నడుము వద్ద రెండు భాగములుగా విభజించి, తదుపరి ఎట్టి తంటాలు తకరారులు లేకుండా ఏకఖండముగా తిరిగి స్వాధీనపరచుకొనగలరు."

కాఫీ తెచ్చిన మా ఆవిడ ఆయన భుజం మీదుగా చదివింది. "తిరిగి స్వాధీనమేంటి మావయ్యగారూ? మధ్యలో నన్ను ఎవరికి రాసిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. వాడుక మాట అది."

"సరే. రెండు భాగాలంటున్నారు, పై భాగం నాదేనని కూడా రాయండి. మాట్లాడేది అదే కదా."

తర్వాత షెడ్యూలు. పెట్టెకి కొలతలు రాయాలన్నారు. బయటి పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పాను. "లోపలి కొలత?" అన్నారు. చెప్పలేదు. "లోపలి కొలత రాయకపోతే అది ఆస్తి వివరం ఎట్లా అవుతుందిరా?" అన్నారు. రాస్తే ఐటమ్ పోతుంది బాబాయ్ అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, నా వంక, పెట్టె కొలతల వంక, మా ఆవిడ వంక వరసగా చూశారు. ముప్పై ఎనిమిదేళ్లు ఎన్నో స్థలాల్లో కొలత తేడాలు పట్టుకున్న మనిషి. "ఓహో" అన్నారు. ఇంకేమీ అడగలేదు. "బయటి కొలతలు మాత్రమే" అని రాసి గీత కొట్టారు. ఇరవై ఏళ్లలో ఆ ఐటమ్ రహస్యం బయటపడింది ఆ ఒక్కరికే.

హద్దులు రాయకుండా ఆయన వదలరు. తూర్పున ప్రేక్షకులు, పడమర నల్ల తెర, ఉత్తరాన మైకు స్టాండు, దక్షిణాన మెట్లు. "బాబాయ్, మధ్యలో పెట్టెని గుండ్రంగా తిప్పి చూపిస్తాం, అప్పుడు హద్దులు మారిపోతాయి" అన్నాను. "పెట్టె తిరిగినా తూర్పు తిరగదురా" అన్నారు. ఫిజిక్స్ మాస్టారిని, నోరు మూసుకున్నాను.

అంతటితో ఆపలేదు. "నాలుగు వైపులా అయింది, మరి పైన?" అన్నారు. పైన ఏముంటుంది, లైట్లు ఉంటాయి అన్నాను. "అపార్ట్‌మెంట్లలో పై కప్పు ఎవరిదో రాయక ఎన్ని ఇళ్లు కోర్టుకెక్కాయో నీకు తెలీదు" అని ఇంకో వాక్యం కలిపారు: షెడ్యూలు పెట్టెకు నలుదిక్కులా పది అడుగుల మేర, పైన హాలు పై కప్పు వరకు గల ఖాళీ స్థలము ప్రదర్శన ముగియు వరకు మొదటి పక్షము వారి స్వాధీనమునందే ఉండును, అందు మనుషులు గానీ యంత్రములు గానీ ప్రవేశింపరాదు. చివర్న స్థలాల దస్తావేజులు రాసిన చేతి అలవాటు కొద్దీ "నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగములతో సహా" అని కూడా రాసేశారు. నేను చూసుకోలేదు.

టైపు చేయించి, నావి నాలుగు షరతులు కలిపి, వాళ్ల అగ్రిమెంట్‌కి అనెగ్జర్‌గా, అంటే అనుబంధంగా, డిసెంబర్ 3న పంపాను. పక్క నుంచి, వెనక నుంచి ఎవరూ వీడియో తీయకూడదు, రహస్యం అడగకూడదు, ఎవరి దగ్గరైనా వస్తువు తీసుకుంటే రసీదు రాసుకోవాలి, సగం డబ్బు ముందు ఇవ్వాలి. పదహారు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఎక్కువ అడిగానేమో, షో పోయిందేమో అని రోజూ మెయిల్ చూసుకోవడమే పని. మా ఆవిడైతే "స్వాధీనం అన్న మాట చూసి భయపడి ఉంటారు" అంది.

డిసెంబర్ 19, గురువారం సాయంత్రం వీడియో కాల్. కంపెనీ లీగల్ మేడం, నిండా ముప్పై ఏళ్లు ఉండవు. బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. గంటా పది నిమిషాలు నడిచింది. ఆ గంటా పది నిమిషాలు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

"మీ తెలుగు అనెగ్జర్ బాగుంది సార్, మా టీమంతా చదువుకున్నాం. కానీ అందులో నిధి అనే మాట తీసేయాలి" అంది.

"ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట లేకుండా దస్తావేజు రాయలేదమ్మా" అన్నారు బాబాయ్.

"కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్ ఉంది కదండీ. అసాధ్యమైన పని చేస్తానని ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదు. దానికి చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. మేజిక్‌తో నిధి కనిపెడతానని ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకుంటే అది చెల్లదు అని. మీరు మేజిక్ చేస్తున్నారు, కాగితంలో నిధి ఉంది. రేపు ఆడిట్‌లో ఎవరైనా నవ్వుతారు."

నేను ఆమె జోక్ చేస్తోందనుకున్నాను. తర్వాత చూసుకున్నాను, 1872 నాటి చట్టంలో 56వ సెక్షన్ కింద మొట్టమొదటి ఉదాహరణ అదే. అసాధ్యం అనే మాటకి ఉదాహరణ కావాల్సి వచ్చి, చట్టం రాసినవాళ్లు నేరుగా మా వృత్తి మీద పడ్డారు. నిధి పోయింది. నిక్షేపం కూడా పోయింది. బాబాయ్ మొహం చిన్నబోయింది.

ఆ సెక్షన్ అంతటితో వదల్లేదు. "వస్తువును మాయము చేయును" అని రాస్తే అదీ అసాధ్యమే కదా, ఒప్పందం మొత్తానికే ఎసరు అంది మేడం. కాబట్టి ఎక్కడెక్కడ క్రియ ఉందో అక్కడల్లా "కనిపించునట్లు" చేర్చాలి. మాయము చేసినట్లు కనిపించునట్లు. గాలిలో లేచినట్లు కనిపించునట్లు. మా ఆవిడని విభజించినట్లు కనిపించునట్లు. బాబాయ్ రాసిన ఠీవి అంతా పోయి, చివరికి అది కళ్ల డాక్టరు రాసిన చీటీలా తయారైంది.

"అలా రాస్తే ఇంకో చిక్కు ఉంది" అని తనే మళ్లీ అంది. 17వ సెక్షన్, మోసం. నిజం కాదని తెలిసీ నిజమని చెప్పడం, ఉన్న విషయాన్ని కావాలని దాచడం. నేను నలభై నిమిషాలు చేసేది ఆ రెండే. అయితే ఆ సెక్షన్ ఒప్పందంలో ఉన్న రెండో పక్షాన్ని మోసగించడం గురించి. ప్రేక్షకులు ఒప్పందంలో లేరు, కాబట్టి వాళ్లతో ఇబ్బంది లేదు. కంపెనీ ఉంది. మరి ఎండీగారు మొదటి వరసలో కూర్చుంటారు. ఆయన ప్రేక్షకుడా, కంపెనీయా?

కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు బాబాయ్ గొంతు సవరించుకుని చెప్పారు: "ఎండీ గారు ప్రదర్శన సమయమున కేవలం ప్రేక్షకుని హోదాలో మాత్రమే ఆశీనులై యుందురు, అని రాయండమ్మా." రాసుకుంది. తుది అగ్రిమెంట్‌లో అది ఇంగ్లీషులో ఉంది. పోయిన నిధికి బదులు ఆ వాక్యం దక్కిందని బాబాయ్ ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్టేజీ మీదకి వచ్చే వాలంటీర్లు సంతకం పెట్టాల్సిన ఫారం ఒకటి చదివింది. "నా స్వేచ్ఛా సమ్మతితో ఒక పేక ముక్కను ఎంచుకొనెదను." స్వేచ్ఛా అన్న మాట తీసేయమన్నాను. ఎందుకు సార్ అంది. నేనేం మాట్లాడలేదు. మా భాషలో ఫోర్స్ అని ఒక మాట ఉంది. మీరు తీసుకున్నారనుకునే ముక్క, నేను మీ చేత తీయించిన ముక్క. ఇంతకంటే చెబితే మా వాళ్లు నన్ను కులంలోంచి వెలేస్తారు. అదే అగ్రిమెంట్ పదమూడో పేజీలో పెద్దక్షరాలతో ఫోర్స్ మెజూర్ అని కనిపించినప్పుడు నా రహస్యం వీళ్లకి ఎలా తెలిసిందా అని గుండె ఆగినంత పనైంది. తీరా అది తుఫానులు, భూకంపాలు వచ్చి పని ఆగిపోతే ఏమిటన్న షరతు.

నా మౌనం చూసి మేడం నవ్వింది. "ఫరవాలేదు సార్. ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. 17వ సెక్షన్ వివరణలోనే ఉంది." స్వేచ్ఛా కొట్టేసింది. ఆమెకి అర్థమైందని నా అనుమానం.

ఈ ఐటమ్స్ మీద మీకు పేటెంట్ ఉందా అని కూడా అడిగింది. హారెస్ గోల్డిన్ అనే మేజిషియన్ కథ చెప్పాను. మనిషిని రంపంతో కోసే ఐటమ్‌ని లండన్‌లో సెల్బిట్ అనే ఇంకో మేజిషియన్ 1921 జనవరిలో జనం ముందు చేశాడు. అమెరికాలో గోల్డిన్ తన పద్ధతికి 1923లో పేటెంట్ తీసుకున్నాడు. పేటెంట్ అంటే బొమ్మతో సహా రహస్యం రాసి ఇవ్వడం, అది ఎవరైనా చూసుకోవచ్చు. తర్వాత ఒక సిగరెట్ కంపెనీ ప్రకటనలో ఆ గుట్టు విప్పేసింది. గోల్డిన్ కోర్టుకెళ్లాడు, 1938లో ఓడిపోయాడు. అందుకే మా వాళ్లు దాన్ని కాగితం మీద పెట్టరు మేడం, నోట్లోనే పెట్టుకుంటారు అన్నాను. పని విధానం వెల్లడించాలన్న షరతు అక్కడ ఎగిరిపోయింది.

టైమ్ షరతు దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టింది. నలభై నిమిషాలు దాటితే నిమిషానికి 1,000 కోత. అప్పుడు మన దేశపు మేజిషియన్ పి.సి. సర్కార్ గురించి చెప్పాల్సి వచ్చింది. 1956 ఏప్రిల్‌లో బీబీసీ టీవీలో పనోరమా అనే కార్యక్రమంలో అమ్మాయిని కోసే ఐటమ్ చేస్తే, అమ్మాయి ఇంకా లేవకముందే టైమ్ అయిపోయిందని కార్యక్రమం ముగించేశారు. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు. "మా ఆవిడ రెండు ముక్కలుగా ఉన్నప్పుడు నలభై నిమిషాలు అయిపోతే నేను కర్టెన్ వేసేస్తాను, మిగతా సంగతి మీరు చూసుకోండి" అన్నాను. పెట్టె తెరిచి ఉన్నంతసేపు కోత ఉండదని రాసుకున్నాం. అడ్వాన్సు మాత్రం ఇవ్వలేమన్నారు. వాళ్ల కంపెనీలో ఎవరికీ ఇవ్వరట. అరవై రోజుల్లో చెల్లిస్తామన్నారు. అక్కడ ఉద్యమ్ కాగితం పనికొచ్చింది. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు ఇచ్చి తీరాలని 2006 నాటి చట్టం ఉంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఆ నంబరు చూపించగానే అరవై నలభై ఐదు అయింది. ఈ సంగతి తెలియక ఆరు నెలలు తిరిగిన ఆర్కెస్ట్రా వాళ్లు నాకు తెలుసు.

వస్తువుల రసీదు షరతుకి మేడం పెట్టిన పేరు బెయిల్‌మెంట్. 148వ సెక్షన్. ఒక పని కోసం వస్తువు అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. 151 ప్రకారం, అలాంటి పరిస్థితుల్లో మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో నేనూ అంత జాగ్రత్తగా చూసుకోవాలి. మామూలు వివేకం ఉన్న మనిషి తన వాచీని రోట్లో వేసి దంచడు. అయినా ఆ సెక్షన్లు చదువుతున్నంతసేపు గుంటూరు మేనమామే కళ్లముందు ఉన్నాడు. ఫారంలో ఒక గడి అదనంగా పెట్టమన్నాను: ఇచ్చేనాటికి వస్తువు మీద ఉన్న గీతలు, ఎన్ని.

తుది ప్రతి జనవరి 8న వచ్చింది. తెలుగు అనెగ్జర్ కోసం 100 రూపాయల స్టాంపు కాగితం 130కి కొన్నాను. ఎప్పుడూ అంతే. నోటరీకి 300, కొరియర్‌కి 180. పదో తారీఖున పంపితే మధ్యలో సంక్రాంతి వచ్చి పడింది. వాళ్ల సంతకాలతో తిరిగి నా చేతికి వచ్చేసరికి జనవరి 23.

షో ముందు రోజు పెట్టెని టాటా ఏస్‌లో ఎక్కించాం. వెయిటింగ్‌తో కలిపి రానుపోను 14,000. ఇద్దరు కుర్రాళ్లకి చెరి 2,000, లాడ్జికి 2,800, తిండికి 1,900. ఇవేవీ అగ్రిమెంట్‌లో లేవు. రవాణా ఎవరిదని 17 పేజీల్లో వాళ్లూ రాయలేదు, నేనూ అడగలేదు, బాబాయ్ కూడా. ఇలాంటిది చేయబోయేవాళ్లు ముందు అది అడగండి.

ఫిబ్రవరి 8, శనివారం సాయంత్రం ఐదింటికి రిహార్సల్. హాల్లో అడుగు పెట్టగానే గుండె జారింది. స్టేజీ వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర. దాని మీదకి లైవ్ ఇవ్వడానికి క్రేన్ కెమెరా, పొడవాటి ఇనుప చేతికి చివర వేలాడుతూ, సరిగ్గా మా పెట్టె నెత్తిమీదకి వచ్చి ఆగింది. పైనుంచి చూస్తే ఆ ఐటమ్‌లో ఏముంటుందో ఇక్కడ రాయను గానీ, చూపించాల్సింది మాత్రం ఏమీ ఉండదు. కెమెరా టీమ్ అతను నా షరతుల కాగితం చేతిలో పెట్టుకునే ఉన్నాడు. "సార్, పక్క నుంచి వద్దన్నారు, తీయం. వెనక నుంచి వద్దన్నారు, తీయం. పైనుంచి వద్దని ఎక్కడుంది?" నిజమే. నేను రాసింది అంతే. మా ఆవిడ అప్పటికే పెట్టె మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉంది, చివరి ఐటమ్ లేకుండా షో ఎలా ముగించాలా అని నాకు చెమటలు.

అప్పుడు బాబాయ్ గుర్తొచ్చారు. ఫోన్‌లో అనెగ్జర్ ఫోటో తీసి ఉంచుకున్నాను. లీగల్ మేడం పట్టుచీర కట్టుకుని మూడో వరసలో ఎవరితోనో మాట్లాడుతోంది. పరిగెత్తాను. ఆమె ఫోన్ తీసుకుని వేలితో పెద్దది చేసుకుని చదివింది, పైన హాలు పై కప్పు వరకు గల ఖాళీ స్థలము, యంత్రములు గానీ ప్రవేశింపరాదు. పకపకా నవ్వి, "ఇది ఎవరికీ నష్టం లేదులే అని ఉంచేశాం సార్" అంటూ లేచి కెమెరా వాళ్ల దగ్గరికి వెళ్లింది. పెట్టె ఐటమ్ నడిచే తొమ్మిది నిమిషాలు క్రేన్‌ని గోడ వారకి తిప్పి కట్టేశారు. అక్కడి నుంచే బాబాయ్‌కి ఫోన్ చేస్తే, "చెప్పానా, పై కప్పు దగ్గరే కొట్లాటలు" అని పెట్టేశారు.

షోలో అన్నిటికన్నా పెద్ద నవ్వు నా ఐటమ్‌కి రాలేదు. ఫైనాన్స్ హెడ్ గారిని ఉంగరం అడిగాను. ఆయన తీసి ఇవ్వబోతుంటే హెచ్‌ఆర్ అమ్మాయి రైటింగ్ ప్యాడ్, పెన్నుతో స్టేజీ ఎక్కింది. అగ్రిమెంట్ ప్రకారం రసీదు రాయాలి మరి. జనం అదంతా నా కామెడీయే అనుకున్నారు. "గీతలు ఎన్ని సార్?" అని ఆమె మైకులోనే అడిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఉంగరాన్ని లైటు కిందకి తిప్పి, అయిదు వందల మంది ముందు లెక్కపెట్టి, "రెండు" అన్నారు. హాలు దద్దరిల్లింది. తర్వాత ఉంగరం మాయమైంది, మాయమైనట్లు కనిపించింది. ఎనిమిది నిమిషాల తర్వాత ఆయన కూర్చున్న వరసలోనే తాళం వేసి ఉన్న డబ్బాలోంచి వచ్చింది. ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. జనమంతా ఆయనతో కలిసి అరిచారు, ఒకటీ, రెండూ. సంతకం పెట్టారు. ఇరవై ఏళ్లలో ఒక వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు నా చేతులు వణకకపోవడం అదే మొదటిసారి. ఇప్పుడు పుట్టినరోజు పార్టీల్లో కూడా ఆ ఫారం తీసుకెళ్తున్నాను, పిల్లలు చాలా సీరియస్‌గా నింపుతారు.

ఫిబ్రవరి 10న బిల్లు పంపాను. 45 రోజులంటే మార్చి 27. మార్చి మూడో వారం దాకా చప్పుడు లేదు. 24వ తారీఖున అకౌంట్స్ నుంచి మెయిల్. సేవ అందినట్లు రుజువుగా షెడ్యూల్లోని ప్రతి ఐటమ్‌కీ ఫోటో జతచేయాలి, లేకపోతే బిల్లు ముందుకు కదలదు. నాలుగింటికి ఫోటోలు దొరికాయి. ఐదోది, "టేబుల్ మీది పూలకుండీ మాయము చేసినట్లు కనిపించునట్లు చేయుట". దానికి ఫోటో ఏది? ఫోన్ చేసి అడిగాను. "చేశాక తీసిన ఫోటో ఉంటే చాలు సార్" అన్నాడు ఆ అబ్బాయి, చాలా మర్యాదగా.

ఆ రాత్రి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద నా నల్లగుడ్డ పరిచి, దాని మీద ఏమీ పెట్టకుండా ఫోటో తీసి పంపించాను. మర్నాడు పదకొండింటికి అప్రూవ్ అయిందని మెయిల్ వచ్చింది.

డబ్బు మార్చి 28న పడింది, ఒక రోజు ఆలస్యంగా. మూడు రెట్ల వడ్డీ లెక్కేస్తే 30 రూపాయల అటూ ఇటూ. వదిలేశాను. టీడీఎస్ 10 శాతం పోను 54,000. ఖర్చులు 23,310 పోతే మిగిలింది 30,690. బాబాయ్‌కి ఏం ఇవ్వబోయినా తీసుకోలేదు, కిలో కాజాలు మాత్రం తీసుకున్నారు. మా ఆవిడ లెక్క వేరు. కాగితం ప్రకారం తను రెండు భాగాలు కాబట్టి తనకి రెండు వాటాలు రావాలంది.